మా హాలుకి కర్టెన్లయిన చీర

మా ఇంట్లో నేను హాలు అనేదాన్ని మా అత్త ముందుగది అంటుంది. నేను డైనింగ్ అనే చోటుని వంటింటి గుమ్మం పక్క అంటుంది. బాల్కనీ అని పేరు పెట్టి నేను ఫోటోలు పెట్టే జాగానైతే బట్టలారేసే కాడ అనేసి ఊరుకుంటుంది. నర్సీపట్నంలో, బస్టాండుకి నడిచి వెళ్లేంత దూరంలో, మేడ మీద రెండు గదుల అద్దె వాటా మాది. మా ఆయన మందుల షాపులో పని చేస్తాడు. నేను ప్రైవేటు స్కూల్లో ఎల్కేజీ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాను. ఈ రెండు జీతాల మీద బతకడం ఎలాగో మా వీధిలో అందరికీ తెలుసు. స్టైలుగా బతకడం మాత్రం నాకొక్కదానికే తెలుసని నా గట్టి నమ్మకం.

నిజం చెప్పొద్దూ, అదొక జబ్బు. ఫోన్లో వీడియోలు చూసి అంటించుకున్నాను. పాత సీసాకి రంగేస్తే ఫ్లవర్ వాజు, బియ్యం సంచి ఉతికి కుడితే కుషను. నా కుషన్ల మీద ఎంత రుద్దినా "నికర బరువు ఇరవై ఆరు కిలోలు" అన్న అక్షరాలు పోలేదు. ఆ వైపు గోడకి తిప్పి పెట్టేదాన్ని. ఇంటికొచ్చినవాళ్లు సరిగ్గా ఆ కుషనే తీసి, అటూ ఇటూ తిప్పి, ఒళ్లో పెట్టుకుని చదివేవాళ్లు.

బట్టల సంగతీ అంతే. మూడు పాత చీరల అంచులు కలిపి ఒక బ్లౌజు కుట్టుకుని స్కూలుకి వెళ్తే, మా హెడ్ మేడం గారు "డిజైనర్ బ్లౌజా అమ్మా?" అని అడిగారు. "అవునండీ" అన్నాను. డిజైనర్ని నేనే కాబట్టి అందులో అబద్ధం లేదు. చెయ్యి పైకెత్తి బోర్డు మీద 'అ' రాసేసరికి చంకలో టప్పుమని కుట్లు ఊడాయి. ఆ పూటంతా మోచెయ్యి నడుముకి అంటించుకుని, 'అ' నుంచి 'ఋ' వరకూ బోర్డు కింది సగంలోనే రాశాను.

అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం కొండచీపురు. పట్నాల్లో డబ్బున్నవాళ్లు హాలు మూలన పెద్ద జాడీలో కుచ్చుల గడ్డి పెట్టుకుంటున్నారని ఒక వీడియోలో చూశాను. అచ్చం మన కొండచీపురే! కొండ మీద నుంచి దిగి బజార్లో చీపుళ్లు అమ్ముకునే ఒకావిడ దగ్గర మూడు కట్టలు కొన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ ఇంట్లో అంత దుమ్మేటమ్మా?" అని జాలిపడింది. కట్లు విప్పి, కుచ్చులు విడదీసి, ఊరగాయ జాడీలో పెట్టి, ఫోటో తీసి స్టేటస్ పెట్టాను. మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి జాడీ ఖాళీ. మా అత్త మెట్లు ఊడుస్తోంది. "ఎవులో సీపురు కట్టిప్పేసి జాడీలో ఎట్టేసినారే. పిల్లలనుకుంటాను" అంది. నేనూ అవునత్తా, పిల్లలే అన్నాను. మాకు పిల్లల్లేరు. ఇద్దరం ఆ మాట అక్కడితో వదిలేశాం.

మా అత్త ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి రిటైరైంది. మామ లేడు. ఆమెదీ పొదుపే, కానీ ఆమె పొదుపు బయటికి కనబడదు. గుడికి కట్టే చీరలు రెండే ఉన్నాయి. గంజి పెట్టి, మడత మీద మడతేసి, పరుపు కింద పెట్టి పడుకుంటుంది. ఆదివారం ఉదయం ఆ చీర కట్టి బయల్దేరితే ఇస్త్రీ బండివాడు సిగ్గుపడాలి. నా పొదుపు అలా కాదు. నలుగురూ చూసి అబ్బో అనాలి. అనకపోతే నాకు అన్నం సయించదు.

అలాంటి నాకు మా చర్చి సంఘం ఆడవాళ్ల ప్రార్థన కూడిక మా ఇంట్లో పెట్టుకునే వంతు వచ్చింది. ప్రతి నెలా ఒక ఇంట్లో కూడుకుంటారు. పాటలు, ప్రార్థన, ఎవరికే కష్టం ఉందో చెప్పుకోవడం, ఆఖర్న ఉప్మా, టీ. అంతే. నాకు అంతే సరిపోతుందా? మా హాలు కిటికీలోంచి చూస్తే పక్కింటి వాళ్ల నీళ్ల ట్యాంకు, దాని మీద ఆరేసిన బనీన్లు కనబడతాయి. పాస్టరు గారి భార్యని ఆ బనీన్లకి ఎదురుగా కూర్చోబెట్టడమా? కర్టెన్లు కావాలి, అదీ ఆ వారంలోనే.

మా అత్త అప్పుడే రోలుగుంటలో కూతురింటికి వారం రోజులకి బయల్దేరుతోంది. నా గోల విని, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "నా పెట్టిలో పాత సీరలున్నాయి. పైనున్నవి తీసుకో. ఏటి కుట్టుకుంటావో కుట్టుకో" అంది. పైనున్నవి అని ఆమె స్పష్టంగానే చెప్పింది. నేను స్పష్టంగానే విన్నాను. తీరా పెట్టె తీసి చూస్తే పైనున్నవన్నీ పువ్వులూ పిందెలూ, వెలిసిపోయిన రంగులు. వీడియోల్లో కర్టెన్లన్నీ తెల్లగా, గాలికి ఊగుతూ ఉంటాయి కదా. చెయ్యి అడుక్కి వెళ్లింది.

అడుగున, పాత న్యూస్ పేపర్లో చుట్టి, కలరా ఉండల మధ్య ఉంది చీర. తెల్లటి నేత చీర. సన్నని జరీ గీత. మడత విప్పనే లేదు. పక్కనే తెల్ల జాకెట్టు, కొత్త తువ్వాలు, మూత తియ్యని పౌడరు డబ్బా. ఇవన్నీ కళ్లతో చూశాను. మా అమ్మమ్మ పెట్టెలో కూడా అచ్చం ఇవే ఉండేవి. అవెందుకు దాచుకుందో నా చిన్నప్పుడే నాకు తెలుసు. అయినా నా బుర్రలో లైటు వెలగలేదంటే చూడండి, కర్టెన్ల పిచ్చి ఎంత ముదిరిపోయిందో. క్రిస్మస్‌కి విధవరాళ్లకి సంఘంలో పంచిన సెట్టయి ఉంటుంది, ముసలామె కట్టదు, పెట్టదు, వృథాగా పడుందని తీర్మానించుకున్నాను.

కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి వణికిందా అంటే, లేదు. పాట కూడా పాడుకున్నాను. రెండు కర్టెన్లు, వాటిని పక్కకి కట్టడానికి రెండు పట్టీలు, టేబుల్ మీదకి ఒక పొడుగు గుడ్డ, మిగిలిన పైటకొంగుతో తొమ్మిది నాప్కిన్లు. ఒక్క జానెడు కూడా వృథా చెయ్యలేదు. ఆ సంగతి మా ఆయనకి రెండుసార్లు చెప్పాను. అతను కర్టెన్లని చూసి "బాగున్నాయి" అని ఫోన్లోకి వెళ్లిపోయాడు. సొంత తల్లి పెట్టెలో ఏముందో ఆయనగారికీ తెలియదు మరి.

కూడిక రోజు వచ్చింది. కిటికీ తలుపులు బార్లా తీశాను. కర్టెన్లు ఊగాయి. నా గుండె కూడా ఊగింది. వచ్చినవాళ్లు తొమ్మిది మంది, అందరూ పెద్దవాళ్లే. ఎప్పుడూ ప్రార్థన అయ్యాకే ఫలహారం. నేను మాత్రం వెల్కమ్ డ్రింకని చెప్పి, రాగానే పుదీనా ఆకు వేసిన నిమ్మ షర్బతూ, కుక్కర్లో బిస్కెట్ల పొడితో చేసిన కేకూ, కింద అడ్డాకు, ఒక్కొక్కరికి ఒక్కో తెల్ల నాప్కినూ ఇచ్చాను. ఒక పెద్దావిడ షర్బత్‌లో ఆకు వేలితో తీసి, "ఏదో పడినాదమ్మా" అని కిటికీలోంచి పారేసింది. ఇంకొకావిడ కేకు నమిలి నమిలి, "ఉప్మా లేదేటి?" అని మెల్లగా అడిగింది. నాప్కిన్ చాలక పాస్టరు గారి భార్యకి నా ప్లేటులోది ఇచ్చేశాను. అయినా అందరూ కర్టెన్లనే చూశారు. "వైజాగ్‌లో కొన్నావా అమ్మా?" అని పాస్టరు గారి భార్య అడగనే అడిగారు. "అబ్బే, ఇంట్లో పాత చీరండీ. ఉన్నదాంతోనే సర్దుకోవాలి కదండీ" అన్నాను. ఎంత వినయంగా అన్నానంటే, నా వినయం చూసి నాకే ముచ్చటేసింది.

రెండో పాట సగంలో ఉండగా షేర్ ఆటో దిగి, సంచి పట్టుకుని, మా అత్త గుమ్మంలోకి వచ్చింది. కూడిక కోసమని ఒక రోజు ముందే వచ్చేసింది పాపం. అందరికీ వందనాలు చెప్పింది. తలెత్తి కిటికీ చూసింది. నెమ్మదిగా నడిచి వెళ్లి, కర్టెన్ అంచు వేళ్ల మధ్య పట్టుకుని, ఆ జరీ గీతని బొటనవేలితో రాసింది. నేను పాట గొంతు పెంచాను. మెచ్చుకుంటోందనే అనుకున్నాను, నా తెలివి తగలెయ్య. ఆమె వచ్చి చాప మీద, సరిగ్గా ఆ కిటికీ కిందే కూర్చుంది.

పాటయ్యాక పాస్టరు గారి భార్య ప్రార్థన మనవులు అడిగారు. ఎవరికి దేని కోసం ప్రార్థన కావాలో ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకావిడ మోకాళ్ల నొప్పులన్నారు. ఒకావిడ మనవడి పరీక్షలన్నారు. మా అత్త వంతు వచ్చింది. ఆమె కొంగు తల మీదకి లాక్కుని, మామూలు గొంతుతో, కూర అడిగినట్టు చెప్పింది.

"నాను పోయినాక కట్టడానికి దాసుకున్న సీర ఇప్పుడు లేదమ్మా. సచ్చీలోపల దేవుడు ఇంకోటి దయసెయ్యాలని ప్రార్థన సెయ్యండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరి తలలూ ఒకేసారి కిటికీ వైపు తిరిగాయి. ఆ తర్వాత ఒళ్లోని నాప్కిన్ల వైపు వంగాయి. కేకు నూనె తుడుచుకున్న చేతులు ఆగిపోయాయి. తొమ్మిది మంది తొమ్మిది నాప్కిన్లూ జాగ్రత్తగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, చాప మీద పెట్టేశారు. మాలో పెద్దవాళ్లు సమాధి చీర ముందే కొని దాచుకుంటారు. పోయాక ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని, ఎవరి దయ మీదా వెళ్లకూడదని. ఆ చీరని ఇంట్లో ఎవరూ ముట్టరు. నేను దానితో మూతి తుడుచుకోమని ఊళ్లో సగం ఆడవాళ్లకి పంచిపెట్టాను.

పాస్టరు గారి భార్య మంచి మనిషి. కళ్లు మూసుకుని, నీ దాసురాలికి తగిన వస్త్రం దయచెయ్యి తండ్రీ అని ప్రార్థన చేశారు. ఈ ఇంటి కోడలికి వివేచన ఇవ్వమని కూడా చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

వాళ్లు వెళ్లిపోయాక నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని, ఇద్దరం ఏడ్చి, టీ తాగేసేవాళ్లం. ఆమె నాప్కిన్లు ఏరి, బకెట్లో నానబెట్టి, కేకు మరకలు పోయేదాకా రుద్దింది. "నేను రుద్దుతాను అత్తా" అని దగ్గరికెళ్లాను. "నీకు తెల్లబట్ట ఉతకడం రాదు" అంది. ఉతుకుతూనే చెప్పింది, నా మొహం చూడకుండా.

"మాయమ్మ పోయినప్పుడు వానలు. ఇంట్లో ఉన్న రెండు సీరలూ తడిసి ముద్దయిపోనాయి. ఆసుపత్రోళ్లు జాలిపడి దుప్పటిచ్చినారు. దానికి మూలన నంబరేసుంటాది కదా. సుట్టేసరికి ఆ నంబరు పాదాల కాడికొచ్చింది. సమాధుల తోట దాకా నాను ఆ నంబరే సూసుకుంటా ఎల్లినాను. తరవాత అదే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు ఆ దుప్పట్లే ఉతికినాను. నాను అలగెల్లకూడదే అనుకున్నాను, అంతే. ఇంకేటీ లేదు."

నేను వంటింట్లోకి పోయి, కుక్కర్ మూత తీసి, అందులో తలపెట్టి ఏడ్చినంత పని చేశాను. ఎంత పనికిమాలినదాన్నో నాకు బాగా తెలిసొచ్చింది. మా ఆయనకి చెబితే, "కొత్తది కొనిచ్చేద్దాంలే" అన్నాడు. కొనిచ్చేద్దాంలే అట! ఆ ఒక్క మాటతో తేలిపోతే మగవాళ్లకి జీవితం ఎంత సుఖం.

నాకు తెలిసిన విద్య కుట్టడమే కాబట్టి మర్నాడు కర్టెన్లు దించి, పట్టీలు విప్పి, నాప్కిన్లు వరుసగా పేర్చి, అన్నీ కలిపి మళ్లీ చీర చెయ్యబోయాను. రెండు రోజులు కుట్టాను. చూస్తే చీర పొడవు వచ్చింది కానీ, మధ్యలో అతుకులు రైలు పట్టాల్లా కనిపిస్తున్నాయి. అయినా సిగ్గులేకుండా తీసుకెళ్లి చూపించాను. మా అత్త కళ్లజోడు పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. "కుట్టు బాగున్నాదే. కానీ అతుకుల సీరతో దేవుడి కాడికెల్లమంటావేటి? ఆయన ముందు నిలబడితే, ఎవులమ్మా నిన్నిలా పంపినారని అడగడా?" అంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆమె పెదవి కూడా కదిలినట్టనిపించింది. "మళ్లీ కర్టెన్లు కట్టెయ్. ఆ బనీన్లు సూళ్లేకపోతున్నాను" అంది.

ఆ ఆదివారం కాక ఆపై ఆదివారం గడిచాక, స్కూలుకి సెలవు పెట్టి, ఆమెని తీసుకుని తుని బస్సెక్కాను. తునిలో దిగి ఆటోలో వంతెన దాటితే పాయకరావుపేట. పాత చీరని ఆమె అక్కడే ఒక నేతగాడికి చెప్పి నేయించుకుందట. అతను ఇప్పుడు లేడు. కొడుకు ఇంటి ముందు గదిలో చీరల కొట్టు పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి పరుపు దులిపి కూర్చోబెట్టి, "తెల్ల చీరాండీ? ఫంక్షనేటండీ?" అన్నాడు.

"ఫంక్షనే బాబు. డేటింకా ఫిక్సవలేదు" అంది మా అత్త.

నేను పక్కకి తిరిగి దగ్గాను. అతను ఒకటి తరవాత ఒకటి పరిచాడు. మా అత్త, పదిహేనేళ్లుగా నా స్టైలుని చూసి ముక్కు విరిచిన మనిషి, ఆ రోజు కొట్టువాణ్ణి ముప్పుతిప్పలు పెట్టింది. ఇది నీలం తిరిగిన తెలుపు అంది. ఇది గరుకు అంది. ఇది కడితే ముసల్దానిలా కనబడతాను అంది. ఒక చీర భుజం మీద వేసుకుని, అద్దం ముందు నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పి, కళ్లు మూసుకుని, అలా ఎలా ఉంటుందో చూడమని నన్నే అడిగింది. చూశాను. "బాగుంది అత్తా" అన్నాను. పక్కనే సగం ధరకి, నూలులో పాలిస్టరు కలిపిన ఒక మిక్సింగ్ చీర ఉంది. దూరం నుంచి చూస్తే తేడానే తెలియదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నా జబ్బు అలాంటిది. నాలిక కొరుక్కున్నాను, నిజంగానే కొరుక్కున్నాను, సాయంత్రం దాకా మండింది.

చివరికి ఒకటి నచ్చింది. సన్నటి నేత, సన్నటి గీత. కొట్టతను కట్టబోతుంటే ఆపి, "ఇలాంటిదే ఇంకోటియ్యి. జత తీసుకుంటే తగ్గిస్తావు కదేటి?" అంది.

"ఇంకోటెవరికత్తా?" అన్నాను.

"నీకు."

నాకు ఒళ్లు మండిపోయింది. నాకింకా నలభై రెండే. జుట్టుకి రంగు కూడా మొన్న మొన్ననే మొదలుపెట్టాను. "నాకిప్పుడే ఎందుకత్తా? నేనెక్కడికెళ్తాను?" అని కొట్లోనే అరిచాను.

"మరి నీకెవులు కొంటారే? నీ మొగుడా? ఆడికేటి తెలుసు? ఆ కర్టెను పీకి నీ మీద కప్పేత్తాడు" అంది. కొట్టతను బిల్లు పుస్తకంలో మొహం దాచుకున్నాడు. "పిల్లాపాపా లేనిదానివి. నానుండగా కొనియ్యకపోతే నీకెవులున్నారు సెప్పు?"

ఊళ్లో అందరి కళ్లూ నా మీద పడాలని ఇన్నేళ్లు తాపత్రయపడ్డాను. నేను కళ్లు మూశాక నా మీద ఎవరి కన్ను ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. నేను చించిన చీరకి బదులు కొనుక్కోడానికొచ్చి, నాకూ ఒకటి కొంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పాకెట్లు రెండూ ఒళ్లో పెట్టుకుంది, నాకివ్వలేదు. నాతవరం రోడ్డు దగ్గర జనం ఎక్కారు, దిగారు. ఆమె ఏదో ఆలోచిస్తూ నా కుచ్చిళ్ల వైపు చూస్తోంది. స్కూలుకి కట్టినట్టే కట్టాను ఆ రోజు కూడా, మడతలన్నీ సమానంగా, భుజం దగ్గర రెండు, నడుం దగ్గర మూడు పిన్నులు పెట్టి.

"ఒలే" అంది.

"ఏటత్తా?"

"నన్ను నువ్వే కట్టాలి. సంఘం ఆడోళ్ల సేతికి ఒగ్గీకు. ఆళ్లు బేగి బేగి సుట్టేసి మూట కట్టేత్తారు. నీకొచ్చినట్టు కట్టు. కుచ్చిళ్లు సక్కగా పాదాల దాకా రావాలి."

నా స్టైలుకి ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మెప్పు అది. ఏ మొహం పెట్టుకుని సంతోషపడను? బస్సులో అందరి ముందూ కొంగుతో ముక్కు చీదుకున్నాను. "నేనే కడతాను అత్తా. ఎవరినీ ముట్టనివ్వను" అన్నాను.

ఆమె తలూపింది. నా భుజం మీది పిన్నుని వేలితో తడిమింది.

"పిన్నులెక్కువ ఎట్టీకు" అంది. "గుచ్చుకుంటాయి."